ఎస్‌జీపీటీ 28, బిలిరుబిన్ 7.6: పొంతన కుదరని ఒక లివర్ రిపోర్టు

శ్రీకాకుళం జిల్లాలోని కొన్ని చిన్న ల్యాబులకు బయోకెమిస్ట్రీ రిపోర్టులు చూసి పెట్టడం నా పని. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ (రెండూ కాలేయ కణాల్లో ఉండేవి), అమైలేజ్ (క్లోమానిది), సీపీకే (కండరాలది) లాంటి ఎంజైమ్ పరీక్షల్లో మిషన్ ఇచ్చే అంకె, రక్తంలో ఎంజైమ్ ఎంతుందో తూచి చెప్పేది కాదని మనందరికీ చదువుకునే రోజుల్లోనే చెప్పారు. ఒక రసాయన చర్య ఎంత వేగంగా నడిచిందో చూసి, ఆ వేగం నుంచి వేసే లెక్క అది. రోజువారీ పనిలో ఈ తేడా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం పెద్దగా రాదు. ఈ కేసులో వచ్చింది. టెక్నీషియన్లకు, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదువుతున్న పిల్లలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. రోగి వయసు, ఊరు, ల్యాబు వివరాలు గుర్తుపట్టలేకుండా మార్చాను. అంకెలు కొద్దిగా సవరించాను గానీ వాటి మధ్య లెక్క చెడలేదు.

నేపథ్యం

పాతికేళ్ల లోపు కుర్రాడు. చెన్నైలో బిల్డింగ్ పనులకు వెళ్లి వానాకాలంలో ఊరికి తిరిగొచ్చాడు. కొద్ది రోజులకే జ్వరం, వాంతులు, అన్నం చూస్తేనే వికారం. జ్వరం తగ్గుతుండగా కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం ముదురు రంగుకు తిరిగింది. ఇంట్లోవాళ్లు ముందు పసరు మందు తాగించారు. మా వైపు పచ్చకామెర్లకు మొదట పసరు, తగ్గకపోతే ఆసుపత్రి అన్నది తరాలుగా వస్తున్న అలవాటు. చాలామందికి కామెర్లు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు వెళ్తుంది. వాంతులు ఆగకపోవడంతో కుర్రాణ్ణి మేనమామ పట్టణంలోని నర్సింగ్ హోమ్‌కు తీసుకొచ్చాడు. అప్పటికి జబ్బు మొదలై ఎనిమిది రోజులు. కళ్లు పచ్చబడి మూడు రోజులు.

ఆ ల్యాబులో ఉన్నది సెమీ ఆటో ఎనలైజర్. మన జిల్లాలో చాలా చోట్ల అదే. సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం), రీఏజెంట్ (కిట్‌లోని రసాయన ద్రావణం) చేత్తో కలిపి మిషన్‌కు అందిస్తే, ముందే పెట్టిన ప్రోగ్రాం ప్రకారం అది చదివి లెక్క చూపిస్తుంది. పెద్ద ఆటో ఎనలైజర్ల లాగా రియాక్షన్ గ్రాఫ్ చూపించి, తేడా ఉంటే ఫ్లాగ్ వేసే సదుపాయం అన్ని మోడళ్లలో ఉండదు. ఉన్నా ప్రోగ్రాంలో పరిమితులు నింపితేనే పనిచేస్తుంది.

వచ్చిన చిక్కు

రిపోర్టు ఇలా వచ్చింది: టోటల్ బిలిరుబిన్ (కళ్లను పచ్చబరిచే పదార్థం) 7.6, డైరెక్ట్ (అందులో కాలేయం మార్చిన భాగం) 5.2, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాస్త ఎక్కువ, ఎస్‌జీఓటీ 46, ఎస్‌జీపీటీ 28. హిమోగ్లోబిన్ నార్మల్, క్రియాటినిన్ నార్మల్.

చూసిన డాక్టరుగారు అనుభవం ఉన్న ఫిజీషియన్. జ్వరం, వాంతులు, ఆ తర్వాత కామెర్లు అంటే వైరల్ హెపటైటిస్ అని ఆయనకు పరీక్షకు ముందే అనిపించింది. హెపటైటిస్‌లో కాలేయ కణాలు పగిలి లోపలి ఎంజైములు రక్తంలోకి వచ్చేస్తాయి. ఎస్‌జీపీటీ వందల్లో కాదు, వేలల్లో ఉండాలి. ఇక్కడేమో 28. కళ్లు పచ్చగా ఉన్న మనిషికి ఆరోగ్యవంతుడి ఎస్‌జీపీటీ!

ఆ అంకెను నమ్మితే దారులు మారిపోతాయి. మొదటిది, పైత్యరస నాళంలో అడ్డు. డైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువగా ఉండటం దానికి సరిపోతుంది. అయితే స్కానింగ్‌లో నాళాలు ఉబ్బలేదు. పిత్తాశయం గోడ మాత్రం మందంగా కనిపించింది, అది హెపటైటిస్‌లోనూ కనిపిస్తుంది. రెండోది, ఎర్రకణాలు చితికిపోవడం. సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు మన ఏజెన్సీ ప్రాంతంలో ఉన్నాయి కాబట్టి దాన్నీ ఆలోచించారు. కానీ అందులో పెరిగేది ఎక్కువగా ఇన్‌డైరెక్ట్ (కాలేయం ఇంకా మార్చని) బిలిరుబిన్, పైగా హిమోగ్లోబిన్ పడిపోవాలి. రెండూ లేవు.

మూడోది అన్నిటికన్నా భయపెట్టేది. కాలేయం పూర్తిగా దెబ్బతిన్నప్పుడు, వదలడానికి ఎంజైమ్ మిగిలిన కణాలే తగ్గిపోయి, ఎస్‌జీపీటీ గబగబా కిందికి దిగుతుంది. పైకి రిపోర్టు బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల మనిషి జారిపోతుంటాడు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) 1.5 రావడంతో డాక్టరుగారికి టెన్షన్ ఎక్కువైంది. విశాఖ పంపేద్దామా అని ఆలోచిస్తూ నాకు ఫోన్ చేశారు.

ఇంకోవైపు కుటుంబం. నార్మల్ అన్న మాట వాళ్ల చెవిన పడింది. "పసరు పనిచేసినట్టుంది కదా, ఇంకేటి మేడమ్, ఇంటికి తీసుకుపోతాం" అన్నాడు మేనమామ. ఇంట్లో కుర్రాడి అప్ప (అక్క) పురిటికి వచ్చి ఉందని, నెలలు నిండుతున్నాయని అతని మాటల్లోనే తెలిసింది. ఆ వివరం తర్వాత చాలా ముఖ్యమైంది.

ముందుగా ఏం చూశాం, ఎందుకు తోసిపుచ్చాం

నా దగ్గరికి ఫోన్ వచ్చేసరికే ల్యాబు టెక్నీషియన్ చేయాల్సినవి చాలావరకు చేసేసింది. జాగ్రత్త ఉన్న అమ్మాయి. శాంపిల్ మారిపోయిందేమో అని మళ్లీ రక్తం తీసి, రోగి ఎదురుగానే ట్యూబు మీద పేరు రాసి పరీక్షించింది. అదే అంకె. సీరం రంగు చూసినా అది కామెర్ల మనిషిదేనని తెలిసిపోతోంది. క్యూసీ సీరం (మిషన్‌ను సరిచూసుకోవడానికి, విలువ ముందే తెలిసిన సీరం) నడిపింది, నార్మల్ కంట్రోల్, హై కంట్రోల్ రెండూ పరిధిలోనే వచ్చాయి. కొత్త రీఏజెంట్ సీసా విప్పింది. మార్పు లేదు.

ఇక్కడ క్యూసీ గురించి ఒక మాట. హై కంట్రోల్ అంటే సాధారణంగా ఎస్‌జీపీటీ వందా రెండు వందల మధ్య ఉండేది. అది సరిగ్గా వచ్చిందంటే మిషన్ ఆ మేరకు సరిగ్గా కొలుస్తోందని అర్థం. నాలుగు వేల దగ్గర ఏం చేస్తుందో ఆ కంట్రోల్ చెప్పదు. క్యూసీ పాసైంది కాబట్టి ఏ అంకెనైనా నమ్మొచ్చనుకోవడం చాలా ల్యాబుల్లో చూస్తుంటాను.

విటమిన్ బీ6 సంగతి కూడా మా మధ్య వచ్చింది. ఎస్‌జీపీటీ పనిచేయడానికి బీ6 నుంచి తయారయ్యే పైరిడాక్సల్ ఫాస్ఫేట్ తోడు కావాలి. ఒంట్లో అది తక్కువగా ఉండి, కిట్‌లోనూ కలిపి ఉండకపోతే ఎంజైమ్ ఉన్నా పనిచేయదు, అంకె తగ్గుతుంది. ఉద్దానం నుంచి వచ్చే డయాలసిస్ రోగుల్లో ట్రాన్సామినేజులు (ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ) కిందికి ఉండటం చూసే మనకు ఈ ఆలోచన సహజంగా వస్తుంది. డయాలసిస్ మీదున్నవాళ్లలో ఆ తగ్గుదలకు చెప్పే కారణాల్లో బీ6 లోపం ఒకటి. అయితే ఈ కుర్రాడి కిడ్నీలు బాగున్నాయి. పైగా బీ6 లోపం అంకెను కొంత తగ్గించగలదు తప్ప వేలను ఇరవై ఎనిమిది చేయలేదు.

చివరిగా ఆ అమ్మాయి సీరంలో సమానంగా నార్మల్ సలైన్ కలిపి చూసింది. ఎంజైమ్ మరీ ఎక్కువైతే డైల్యూట్ చేయాలన్నది తనకు తెలుసు. మిషన్ 37 చూపించింది, రెండుతో గుణిస్తే 74. "డైల్యూట్ చేసినా పెద్దగా రాలేదు మేడమ్, అంటే నిజంగానే తక్కువే ఉన్నట్టు కదా?" అని అడిగింది.

నా అనుమానం బలపడింది ఆ అంకెతోనే. సీరంలో ఎస్‌జీపీటీ నిజంగా 28 ఉంటే, సగానికి పలుచన చేసినప్పుడు మిషన్ 14 చూపించాలి. పలుచన చేస్తే అంకె తగ్గకుండా పెరిగింది! పైపెట్ తేడా వల్ల 14 కాస్తా 16 అవుతుంది, 37 అవదు. శాంపిల్‌లో ఎంజైమ్ తగ్గిస్తే చర్య ఎక్కువ కనిపిస్తోందంటే, తగ్గించక ముందు ఆ చర్యకు ఏదో అయిపోతోంది.

డాక్టరుగారి మూడో భయానికి జవాబు వేరే లెక్కలో దొరికింది. రక్తంలోకి వచ్చిన ఎస్‌జీపీటీ సగానికి తగ్గడానికి సుమారు 47 గంటలు పడుతుంది. ఎస్‌జీఓటీకి సుమారు 17 గంటలు. కాలేయం మొత్తం నాశనమైపోయి, ఆ క్షణం నుంచి ఒక్క చుక్క కొత్త ఎంజైమ్ రాకపోయినా, వెయ్యి దగ్గర ఉన్న ఎస్‌జీపీటీ 28కి దిగాలంటే ఐదుసార్లకు పైగా సగమవ్వాలి. అంటే పది రోజులు. ఈ కుర్రాడి జబ్బు వయసే ఎనిమిది రోజులు. పైగా రెంటిలో ముందు కరిగిపోవాల్సింది ఎస్‌జీఓటీ. అదేమో ఎస్‌జీపీటీ కన్నా పైనే ఉంది. కుర్రాడు స్పష్టంగా మాట్లాడుతున్నాడు, మగత లేదు. కాలేయం ఆరిపోయి అంకె పడిందన్న వాదన కాలంతోనే కుదరదు. "ఇవాళే విశాఖ పంపకండి, సాయంత్రం లోపు చెప్తాను" అని డాక్టరుగారికి చెప్పింది ఈ లెక్క చూసుకునే.

సీసాలో జరిగేది

ఎస్‌జీపీటీ కిట్‌లో ఏం జరుగుతుందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. రీఏజెంట్‌లో అలనిన్, ఆల్ఫా కీటోగ్లుటరేట్ ఉంటాయి. సీరంలోని ఎస్‌జీపీటీ ఈ రెంటినీ కలిపి పైరువేట్, గ్లుటమేట్ తయారుచేస్తుంది. పైరువేట్ తయారవడం మన ఫోటోమీటర్‌కు కనిపించదు. అందుకని రీఏజెంట్‌లోనే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే రెండో ఎంజైమ్, ఎన్‌ఏడీహెచ్ ఉంచుతారు. ఒక్కో పైరువేట్ లాక్టేట్‌గా మారేటప్పుడు ఒక్కో ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది, ఖర్చయ్యాక పీల్చుకోదు. కాబట్టి ఓడీ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటోందో చెప్పే అంకె) నిమిషానికి ఎంత పడిపోతోందో చూస్తే ఎస్‌జీపీటీ ఎంత వేగంగా పనిచేస్తోందో తెలుస్తుంది. ట్రాన్సామినేజ్‌ను ఇలా ఎన్‌ఏడీహెచ్‌తో జతకట్టి కొలిచే పద్ధతిని ఆర్థర్ కార్మెన్ 1955లో ప్రచురించారు. ఇవాళ్టికీ మన కిట్లన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

ఇక గాఢత సంగతి. ఎంజైమ్ ఎంతుందో మార్చకుండా సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) పెంచుకుంటూ పోతే మొదట్లో వేగం దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తర్వాత పెరుగుదల మందగించి, ఒక గరిష్ఠ వేగం దగ్గర నిలిచిపోతుంది. ఎంజైమ్ అణువులన్నీ పనిలో మునిగిపోయాక ఇంకా సబ్‌స్ట్రేట్ పోసి లాభం లేదు. లియోనోర్ మైఖేలిస్, మాడ్ మెంటెన్ 1913లో ఇన్వర్టేజ్ మీద పనిచేసి ఈ సంబంధాన్ని సూత్రంగా ఇచ్చారు. గరిష్ఠ వేగంలో సగం రావడానికి కావాల్సిన సబ్‌స్ట్రేట్ గాఢతను కేఎమ్ అంటాం. సబ్‌స్ట్రేట్ కేఎమ్‌కు పది రెట్లు ఉంటే గరిష్ఠ వేగంలో 91 శాతం వస్తుంది. వంద రెట్లు ఉంటే 99 శాతం.

పరీక్ష తయారుచేసేవాళ్లు వాడుకునేది ఆ చదునైన భాగాన్ని. అక్కడ సబ్‌స్ట్రేట్ కాస్త తగ్గినా పెరిగినా వేగం మారదు, వేగాన్ని నిర్ణయించేది ఎంజైమ్ ఒక్కటే. ఎంజైమ్ రెట్టింపైతే వేగం రెట్టింపవుతుంది. మనం వేగాన్ని కొలిచి ఎంజైమ్ పేరు మీద రిపోర్టు ఇవ్వగలుగుతున్నది ఈ ఒక్క షరతు మీదే. అందుకే ఐఎఫ్‌సీసీ (క్లినికల్ కెమిస్ట్రీ అంతర్జాతీయ సమాఖ్య) పద్ధతిలో అలనిన్ లీటరుకు 500 మిల్లీమోల్స్ పోస్తారు. మన రక్తంలో ఉండేది ఒక మిల్లీమోల్‌లో సగం కూడా కాదు.

ఎన్‌ఏడీహెచ్‌ను మాత్రం అంత ధారాళంగా పోయలేరు. పోసేది లీటరుకు సుమారు 0.18 మిల్లీమోల్స్. కారణం ఫోటోమీటర్. ఎన్‌ఏడీహెచ్ కాంతిని గట్టిగా పీలుస్తుంది, 0.18 మిల్లీమోల్స్‌కే ఓడీ 1.1 వస్తుంది. ఇంకా పోస్తే ఓడీ మిషన్ నమ్మకంగా చదవగలిగే హద్దు దాటిపోతుంది. కాబట్టి ఈ కిట్‌లో అన్నీ పుష్కలంగా ఉండి, ఒక్క ఎన్‌ఏడీహెచ్ మాత్రం కొలిచి పోసినట్టు ఉంటుంది. ముందుగా అయిపోయేది కూడా అదే.

ఇది నెమ్మదిగా అయిపోయి ఉంటే మనకు ముందే హెచ్చరిక అందేది. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ చాలా కొద్ది ఎన్‌ఏడీహెచ్‌తోనే పూర్తి వేగంతో పనిచేయగలదు. అందువల్ల ఓడీ గీత చివరి వరకూ తిన్నగా దిగి, అయిపోయే ముందు మాత్రమే ఒక్కసారిగా అడ్డంగా తిరుగుతుంది. అడ్డం తిరిగిన తర్వాత చదివిన మిషన్‌కు చర్య ఏదీ కనిపించదు.

అంకెలు వేసి చూస్తే

ఆ కిట్ పద్ధతి: రీఏజెంట్ 1000 మైక్రోలీటర్లు, సీరం 100 మైక్రోలీటర్లు. కలిపాక ఒక నిమిషం ఆగి, తర్వాత మూడు నిమిషాలు ఓడీ తగ్గుదల చూడాలి. ఆ తగ్గుదలను 1768తో గుణిస్తే ఎస్‌జీపీటీ. ఆ ఫ్యాక్టర్ ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. మొత్తం పరిమాణం సీరానికి 11 రెట్లు, ఎన్‌ఏడీహెచ్ కాంతి పీల్చే గుణకం 6.22. పదకొండు వేలను 6.22తో భాగిస్తే 1768.

వెనక్కి లెక్కేద్దాం. సీరంలో ఎస్‌జీపీటీ నాలుగు వేలు ఉందనుకుంటే ఓడీ నిమిషానికి 2.26 పడాలి. పడటానికి ఉన్నదే 1.1. అంటే అర నిమిషంలో ఎన్‌ఏడీహెచ్ మొత్తం ఖాళీ. మిషన్ కళ్లు తెరిచేది ఒక నిమిషం తర్వాత! అప్పటికి చర్య ముగిసిపోయింది. మిషన్ చూసింది చివర్లో మిగిలిన చిన్న కదలిక మాత్రమే. దాన్ని 1768తో గుణించి 28 అని అచ్చు వేసింది.

సగానికి పలుచన చేస్తే రెండు వేలు, నిమిషానికి 1.13. ఎన్‌ఏడీహెచ్ సరిగ్గా నిమిషం దగ్గర అయిపోతుంది. అందుకే 28 స్థానంలో 37 వచ్చింది, అంతకు మించి రాలేదు. డైల్యూషన్ ఆలోచన సరైనదే, చేసిన డైల్యూషన్ చాలలేదు. ఇలాంటప్పుడు రెట్టింపు పలుచన ఏమీ తేల్చదు, పైగా తప్పుడు ధైర్యం ఇస్తుంది.

తేల్చింది

ల్యాబుకు వెళ్లాక డైల్యూషన్ కన్నా ముందు ఇంకో పని చేయించాను. ఊహ సరైనదైతే కంటితో చూడగలగాలి. కైనెటిక్ (వేగం కొలిచే) ప్రోగ్రాం పక్కన పెట్టి, ఓడీ మాత్రం చూపించే మోడ్‌లో, పలుచన చేయని సీరాన్ని రీఏజెంట్‌తో కలిపిన వెంటనే మిషన్‌కు అందించాం. మొదటి అంకె 0.85 దగ్గర కనిపించింది, చూస్తుండగానే దిగిపోయింది. అర నిమిషం అయ్యేసరికి 0.2 దగ్గర ఆగి, ఇక కదల్లేదు. పక్కనే నార్మల్ కంట్రోల్ పెట్టి చూస్తే 1.2 దగ్గర మొదలై, నిమిషం గడిచినా అక్కడే ఉన్నట్టు చాలా నెమ్మదిగా దిగుతోంది. టెక్నీషియన్ అమ్మాయి రెండు అంకెలనూ పక్కపక్కన కాగితం మీద రాసుకుంది. నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "అయిపోయింది మేడమ్, మనం చూసేలోపే అయిపోయింది" అంది.

రీఏజెంట్‌లో జరిగేది 340 దగ్గర కాబట్టి మామూలు కంటికి ఏ రంగు మార్పూ కనిపించదు. రంగు వచ్చే పరీక్షల్లో అనుమానం రావడానికి ఒక అవకాశం ఉంటుంది. ఇక్కడ ఓడీ అంకె తప్ప వేరే సాక్ష్యం లేదు.

తర్వాత 50 మైక్రోలీటర్ల సీరానికి 950 సలైన్ కలిపి, అంటే ఇరవై రెట్ల పలుచన. మిషన్ 196 చూపించింది. ఇరవైతో గుణిస్తే 3920. అక్కడితో ఆపలేదు. ఒక్క డైల్యూషన్‌తో వచ్చిన అంకె, అది ఎంత నచ్చినా, నిజమో కాదో చెప్పలేం. ఆ డైల్యూషన్ కూడా చాలకపోయి ఉండొచ్చు. కాబట్టి నలభై రెట్లు పలుచన చేయించాను. 99 వచ్చింది, నలభైతో 3960. రెండు వేర్వేరు పలుచనలు ఒకే చోటికి వచ్చి కలిశాయంటే వేగం మళ్లీ ఎంజైమ్ గాఢతకు అనుపాతంలో ఉందని అర్థం. పరీక్ష తన షరతులోకి తిరిగి వచ్చింది. ఎస్‌జీఓటీ కూడా ఇలాగే చేస్తే మూడు వేల పైన తేలింది.

సీరాన్ని పలుచన చేయకుండా 100 బదులు 10 మైక్రోలీటర్లు వేసి, ఫ్యాక్టర్ మార్చుకోవచ్చని కొందరు అంటారు. లెక్క ప్రకారం తప్పు లేదు. మన దగ్గరి పైపెట్ల మీద 10 మైక్రోలీటర్లు నమ్మకంగా రావు కాబట్టి నేను డైల్యూషన్‌కే ఓటేస్తాను.

ఆ తర్వాత

రిపోర్టు మారడంతో వైద్యమూ మారింది. నాళాల కోసం చేయించాలనుకున్న పెద్ద స్కాన్ ఆగింది. జ్వరానికని ఇంట్లో వేసుకుంటున్న పారాసెటమాల్, పసరు రెండూ ఆపించారు. ఐఎన్‌ఆర్, మగత మీద రోజూ కన్నేసి ఉంచారు, అవి చెడితే విశాఖ పంపాలని. హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష) నెగెటివ్. బయటి ల్యాబుకు పంపిన పరీక్షల్లో హెపటైటిస్ ఎ నెగెటివ్, హెపటైటిస్ ఇ ఐజీఎం (కొత్తగా సోకినట్టు చెప్పే యాంటీబాడీ) పాజిటివ్.

హెపటైటిస్ ఇ ఎక్కువగా కలుషితమైన నీటి ద్వారా వస్తుంది. మామూలు మనుషుల్లో చాలావరకు తనంతట తగ్గిపోయే జబ్బు. నిండు గర్భిణికి సోకితే ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో పురిటికి వచ్చిన అప్ప సంగతి డాక్టరుగారు మేనమామను పక్కకు పిలిచి మాట్లాడారు. ఆమెను అత్తవారింటికి పంపాలా వద్దా అన్నది వాళ్లింటి నిర్ణయం. ఎక్కడ ఉన్నా కాచి చల్లార్చిన నీళ్లే తాగాలని, కుర్రాడు వాడే మరుగుదొడ్డి, చేతుల శుభ్రత విషయంలో ఏం చేయాలో, కళ్లు పచ్చబడినా వాంతులైనా వెంటనే తీసుకురావాలని గట్టిగా చెప్పారు. నాళంలో అడ్డు అనుకుని పంపేసి ఉంటే ఈ మాటలు ఎవరూ చెప్పేవారు కాదు.

మేనమామకు మాత్రం మా మీద కోపం వచ్చింది. "మొన్న 28 అన్నారు, ఇవాళ నాలుగు వేలంటన్నారు. ఏటి మేడమ్ ఇది, మీ మిషనే మంచిది కాదేటి?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. పలాస వైపు జీడి పని తెలిసిన మనిషి కాబట్టి అతనికి తెలిసిన దానితోనే చెప్పాను. పిక్కల బస్తాలు నిండుగా ఉన్నంతసేపు, గంటకు ఎంత పప్పు వచ్చిందో చూసి లోపల ఎంతమంది కూర్చుని కొడుతున్నారో చెప్పొచ్చు కదా. వందమందిని కూర్చోబెట్టి ఒక్క బస్తా ఇస్తే? మీరు లెక్క రాయడానికి వెళ్లేసరికి పిక్కలు అయిపోయి అందరూ ఖాళీగా ఉంటారు. పప్పు రావడం లేదు కాబట్టి లోపల ఎవరూ లేరని రాస్తే ఎలా? అతను కాసేపు ఆలోచించి, "అయితే బస్తాలు ఎక్కువ పెట్టాల, లేపోతే మనుషుల్ని తగ్గించి లెక్కెట్టాల" అన్నాడు. మేం చేసిన డైల్యూషన్ అదే. బస్తాలు పెంచే వీలు మా కిట్‌కు లేదు, మనుషుల్ని తగ్గించి లెక్కపెట్టాం.

కుర్రాడు కోలుకున్నాడు. ఎస్‌జీపీటీ ముందు దిగింది, బిలిరుబిన్ ఇంకొన్నాళ్లు పైనే ఉండి తర్వాత దిగింది. హెపటైటిస్‌లో అలా జరగడం మామూలే.

ఈ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే సంగతి. ఎవరూ అనుమానించకుండా, పలుచన చేయకుండా వారం వారం పరీక్ష చేసుకుంటూ పోయారనుకోండి. నాలుగు వేలున్నప్పుడు మిషన్ 28 చూపించింది. కాలేయం బాగుపడి నిజమైన విలువ ఆరు వందలకు దిగితే, ఓడీ నిమిషానికి 0.34 పడుతుంది. మిషన్ చూసే సమయానికి ఎన్‌ఏడీహెచ్ ఇంకా మిగిలి ఉంటుంది, కాబట్టి నాలుగైదు వందల అంకె వస్తుంది. కాగితం మీద రోగి 28 నుంచి ఐదు వందలకు ఎక్కినట్టు. నిజంగా అతను కోలుకుంటున్న రోజుల్లో రిపోర్టు జబ్బు ముదురుతోందని చెప్పేది. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో బాగుందని చెప్పేది. పసరు మీద నమ్మకమూ, ఆసుపత్రి మందుల మీద అనుమానమూ రెండూ ఆ కాగితంతో బలపడేవి.

ల్యాబులో ఏం మార్చాం

మూలకారణం వెతికితే మిషన్ ప్రోగ్రాంలో దొరికింది. కిట్ కంపెనీ మారినప్పుడు కొత్త ఫ్యాక్టర్, సమయాలు ఎక్కించారు గానీ, మొదటి ఓడీ కనీసం ఎంత ఉండాలి, నిమిషానికి ఓడీ ఎంతకు మించి పడకూడదు అన్న గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. కిట్‌తో వచ్చే కాగితంలో ఈ రెండూ, లీనియారిటీ హద్దూ (ఎంతవరకు అంకెను నమ్మొచ్చో) రాసే ఉంటాయి. చిన్న అక్షరాలు, అయినా చదవాలి. ఇప్పుడు అన్ని కైనెటిక్ పరీక్షలకూ నింపాం. మొదటి రీడింగ్ దగ్గర ఓడీ 0.5 లోపు ఉంటే అంకెను పట్టించుకోకుండా ముందు పది రెట్లు పలుచన చేయాలన్నది ఆ ల్యాబు నియమం. 0.5 అన్నది ఆ కిట్‌కు, ఆ మిషన్‌కు మేం చూసుకుని పెట్టుకున్నది. మీ కిట్‌కు మీరే చూసుకోవాలి.

సీరం పచ్చగా కనిపిస్తూ ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చిన ప్రతి శాంపిల్‌ను పలుచన చేసి మళ్లీ చూడమని కూడా చెప్పాను. అందులో చాలావరకు నిజంగానే నార్మల్ అని తేలుతాయి, రీఏజెంట్ కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు యజమాని ఒప్పుకున్నారు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇదే చిక్కు అమైలేజ్, సీపీకేలకూ ఉంది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి అమైలేజ్ తక్కువ వచ్చినా, కండరాల నొప్పితో నల్లటి మూత్రం పోస్తున్న మనిషికి సీపీకే నార్మల్ వచ్చినా ముందు అక్కడే అనుమానించాలి. పలుచనకు నీళ్లు వాడొద్దు, సలైన్ వాడండి. అమైలేజ్ పనిచేయడానికి క్లోరైడ్ కావాలి, సలైన్‌లో అది ఉంటుంది. సీపీకే విషయంలో ఇంకో మెలిక ఉంది: సీరంలో ఆ ఎంజైమ్‌ను అణచిపెట్టే పదార్థాలు పలుచనతో పాటు పలుచబడి, గుణించాక వచ్చే అంకె కాస్త పైకి జరుగుతుంది. కాబట్టి సీపీకేకు అవసరమైనంత పలుచనే చేసి, ఎన్ని రెట్లు చేశారో రిపోర్టు మీద రాయండి. మర్నాటి శాంపిల్‌ను కూడా అంతే పలుచన చేస్తేనే రెండు అంకెల్నీ పోల్చగలం.